చవితి పూజ కిట్ కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి, అందులో ఉన్నది మట్టి వినాయకుడు కాదు

కోపం ఇంకా తగ్గలేదు, తప్పులుంటే క్షమించండి.

న్యూజెర్సీ తెలుగు గ్రూపుల్లో ఏటా చవితి ముందు పూజ కిట్లు అమ్మే ఆవిడ ఎవరో మీకు చెప్పక్కర్లేదు. మట్టి వినాయకుడు, 21 పత్రి, వ్రతకథ పుస్తకం, అన్నీ కలిపి 45 డాలర్లు. మొత్తం ముందే జెల్ (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) చేసేశాను.

మాచీపత్రం మొదలు అర్కపత్రం దాకా అన్నీ ఇండియా నుంచి తాజాగా తెప్పిస్తానంది. వచ్చినవి గరిక, నాలుగు మామిడాకులు, పేరు తెలియని ఎండుటాకులు. ఆ 21 పత్రిలో ఉండే మారేడు నిమ్మజాతి చెట్టు. కరివేపాకులాగే దాని ఆకునీ ఇక్కడి కస్టమ్స్‌లో రానివ్వరు. ఈ సంగతి తెలిసి కూడా నేను ఆవిడ మాట నమ్మాను. అది నా తప్పే.

పూజ బాగానే జరిగింది. ఉండ్రాళ్లు నైవేద్యం పెట్టి, శమంతకోపాఖ్యానం చదివి అక్షింతలు వేసుకున్నాం. మూడో రోజు సాయంత్రం బకెట్లో నిమజ్జనం. కరిగిన మట్టిలో వేద్దామని మా ఏడేళ్ల పాప వారం నుంచి బంతి విత్తనాలు దాచుకుంది.

తెల్లారి లేస్తూనే బకెట్ దగ్గరికి పరిగెత్తింది. స్వామి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. పైన పూసిన మట్టిరంగు పొరలు పొరలుగా ఊడి నీళ్లమీద తేలుతోంది. లోపలంతా తెల్లటి ప్లాస్టర్. "నాన్నా, స్వామి వెళ్లలేదా?" అంది. ఏం చెప్పను? ఇంకో రోజు ఉంచాం. తొండం కొసైనా మెత్తబడలేదు. పగలగొట్టడానికి చేతులు రావు, చెత్తలో వేయలేం.

ఆవిడకి ఫోన్ చేశాను. "మట్టి అన్నాను గానీ కరుగుతుందని ఎక్కడైనా రాశానా అండీ?" అంది. ప్లాస్టర్ ఫొటో పంపానని చెప్తే, "45 డాలర్ల కోసం దేవుడి దగ్గర లెక్కలు చూసుకుంటారా? మీ భక్తి ఇంతేనా?" అని పెట్టేసింది. మళ్లీ చేస్తే బ్లాక్.

డబ్బు పోతే పోయింది. ఇంటికి ఇంత దూరంలో మా పాపకి చవితి అంటే ఆ మూడు రోజులే. అందులో ఆఖరి రోజు పాడు చేసిన మనిషి నా భక్తిని కొలుస్తుందా? అదే మింగుడు పడట్లేదు.

విగ్రహం తీసుకునేటప్పుడే అడుగున తడిగుడ్డతో రుద్ది చూడండి. పచ్చిమట్టి అయితే జారుగా వేలికి అంటుకుంటుంది, ప్లాస్టర్ అంటుకోదు. చూడకుండా జెల్ చేయకండి, వెళ్లిన డబ్బు వెనక్కి రాదు.

విగ్రహం మా గరాజ్‌లో తువ్వాలు కప్పి ఉంది. ఇలాంటివి తీసుకునే గుడి దగ్గరలో ఏదైనా ఉంటే చెప్పండి.