కొండపల్లి, అమరావతి రెండు రోజులు, మధ్యలో ఒక నిమ్మచెక్క

విజయవాడలో పెళ్లి ఉంది, మావాడికేమో ఎనిమిదో తరగతి సైన్సులో ఆమ్ల వర్షాల మీద ప్రాజెక్టు ఉంది, రెండూ కలిసొస్తాయని రెండు రోజులు ముందే బయల్దేరాం.

బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. రూము శుభ్రంగానే ఉంది కానీ పొద్దున ఏడు దాటితే వేడినీళ్లు రావు, ఆ ముక్క డబ్బు కట్టేదాకా చెప్పలేదు.

మొదట కొండపల్లి. ఆటో మాట్లాడుకుని వెళ్లడమే సుఖం. కోట పైనుంచి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తాయి. బొగ్గులోని గంధకం కాలి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది, బండ్ల పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి, ఇవి గాల్లో తేమతో కలిసి ఆమ్లాలై వానతో దిగుతాయి అని చెప్తే "అయితే ఇక్కడ పడేదంతా ఆమ్ల వర్షమేనా నాన్నా?" అన్నాడు. గొట్టం కనపడగానే అలా తేల్చేయకూడదు కదా! పీహెచ్ అంటే ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె, ఒకటి తగ్గితే ఘాటు పది రెట్లు పెరిగినట్టు. మామూలు వాన పీహెచ్ కూడా 5.6 దగ్గరే ఉంటుంది, అంతకంటే తగ్గితేనే ఆమ్ల వర్షం అంటారు. పైగా ఆ పొగ వందల కిలోమీటర్లు పోయి ఎక్కడో కురుస్తుంది, స్వీడన్, నార్వే చెరువుల్లో చేపలు చచ్చింది ఎక్కువగా పక్క దేశాల పొగ వల్లే. ఆ వాన మట్టిలోని అల్యూమినియాన్ని కరిగించి నీళ్లలోకి దింపుతుంది, అది చేప మొప్పల్ని పాడుచేస్తుంది. కాల్షియం కొట్టుకుపోయి నేల, చెట్లు కూడా నీరసిస్తాయి.

మర్నాడు బస్సులో అమరావతి. శుక్రవారం మ్యూజియం మూసేస్తారు, చూసుకుని వెళ్లండి. నా లెక్కలో ఈ ట్రిప్పంతటికీ ఇదే అసలు చోటు. అక్కడి పాత బౌద్ధ స్తూపం శిల్పాలు పల్నాటి సున్నపురాయివి, ఒకప్పుడు ఆ స్తూపం పలకల్ని సున్నం కోసం కాల్చేశారట, తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. సున్నపురాయైనా పాలరాయైనా కాల్షియం కార్బొనేటే, సల్ఫ్యూరిక్ ఆమ్లం తగిలితే జిప్సమై పొరలుగా ఊడిపోతుంది. తాజ్‌మహల్ గురించి అంత బెంగ అందుకే.

సాయంత్రం మావాడు భోజనంలో ఇచ్చిన నిమ్మచెక్క దాచుకొచ్చి లాడ్జి నాపరాయి మెట్టు మీద పిండాడు, అదీ సున్నపురాయి జాతే. సన్నగా నురగ వచ్చింది! నిమ్మరసం పీహెచ్ 2 ఉంటుంది, 4 ఉన్న వానకంటే వంద రెట్లు ఘాటు, వాన అదే పని ఏళ్ల తరబడి చేస్తుంది అంతే అని నేను వివరిస్తుండగానే వాచ్‌మన్ వచ్చి ఇద్దర్నీ కలిపి తిట్టాడు. తుడిచినా తెల్లమచ్చ పోలేదు.

ఖాళీ చేసేటప్పుడు వేడినీళ్ల సంగతి గట్టిగా అడుగుదామనుకున్నా. ఆ మచ్చ గుర్తొచ్చి నోరు మూసుకుని వచ్చేశాను.