పాత ఫొటోల కోసం ఐర్లాండ్ వెళ్తే డబ్లిన్‌లోనే ఆగిపోకండి

పాత ఐర్లాండ్ ఫొటోలంటే ఇష్టమున్నవాళ్లు డబ్లిన్ చూసి తిరిగొచ్చేయకుండా పశ్చిమాన మేయో కౌంటీ దాకా వెళ్లండి. ఖర్చు కాస్త పెరుగుతుంది, కానీ ఈ ట్రిప్‌లో నాకు బాగా నచ్చింది అదే.

డబ్లిన్‌లో నేషనల్ ఫొటోగ్రాఫిక్ ఆర్కైవ్ టెంపుల్ బార్ అనే పేటలో ఉంది, టికెట్ లేదు. హాలు చిన్నది, ఒక్కోసారి ఒక్కో అంశం మీద ప్రదర్శన పెడతారు కాబట్టి మీరు చూడాలనుకున్న ఫొటోలే ఆ రోజు గోడ మీద ఉంటాయని చెప్పలేం. అసలు సంపద నేషనల్ లైబ్రరీ ఆన్‌లైన్ కేటలాగ్‌లో ఉంది, ఇంట్లో కూర్చునే ఉచితంగా చూడొచ్చు. అందులో లారెన్స్ కలెక్షన్‌తో మొదలుపెట్టండి. సుమారు 40 వేల గాజు నెగెటివ్‌లు, వాటిలో ఎక్కువ భాగం రాబర్ట్ ఫ్రెంచ్ అనే ఆయన విలియం లారెన్స్ స్టూడియో తరఫున ఊరూరా తిరిగి తీసినవి. 1916లో బ్రిటిష్ పాలన మీద జరిగిన ఈస్టర్ తిరుగుబాటులో స్టూడియో కాలిపోయింది, అక్కడున్న మనుషుల పోర్ట్రెయిట్‌లన్నీ పోయాయి. ఊళ్లవీ కొండలవీ మాత్రం వేరేచోట దాచి ఉండడంతో బతికాయి, 1943లో లైబ్రరీ కొనుక్కుంది. అమ్మకానికి తీసిన ఫొటోలు కాబట్టి అందమైన దృశ్యాలే ఎక్కువ, కానీ వాటి మధ్యలోనే 1880ల్లో కౌలు రైతులను ఇళ్లలోంచి వెళ్లగొడుతున్న ఫొటోలు కూడా ఉంటాయి, పెద్ద దూలంతో ఇంటి గోడ బద్దలు కొడుతుంటే పోలీసులు చుట్టూ నిలబడి ఉంటారు. నేను వాటి దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

కాథలిక్ సభల ఫొటోలు చూసినవాళ్లు డబ్లిన్‌లోనే ఉన్న ఫీనిక్స్ పార్కుకు తప్పకుండా వెళ్లాలి. 1932 జూన్‌లో అంతర్జాతీయ దివ్యసత్ప్రసాద మహాసభ (యూకరిస్టిక్ కాంగ్రెస్ అనే కాథలిక్కుల పెద్ద సభ) జరిగినప్పుడు చివరి రోజు పూజకు ఇక్కడికి దాదాపు పది లక్షల మంది వచ్చారని అంచనా, స్వతంత్ర రాజ్యంగా ఏర్పడి పదేళ్లయినా సరిగ్గా నిండని చిన్న దేశంలో! 1979లో రెండో జాన్ పాల్ పోప్ వచ్చినప్పుడు నిలబెట్టిన 35 మీటర్ల శిలువ ఇప్పటికీ అక్కడే ఉంది. పార్కు చాలా పెద్దది, నడిస్తే కాళ్లు లాగేస్తాయి, గేటు దగ్గర సైకిల్ అద్దెకు తీసుకుంటే హాయి.

పశ్చిమ తీరాన గాల్వే ఊళ్లోని క్లాడా గురించి నిజం చెప్పాలి. 1913లో ఇద్దరు ఫ్రెంచ్ మహిళలు ఐర్లాండ్‌లో తీసిన తొలి కలర్ ఫొటోల్లో ఈ జాలర్ల పేట కూడా ఉంది, గడ్డి కప్పుల ఇళ్లు, ఎర్ర శాలువా కప్పుకున్న అమ్మాయి. ఆ ఇళ్లను 1930ల్లో కూల్చేశారు. ఇప్పుడున్నవి మామూలు ఇళ్లు, ఒడ్డున కూర్చోవడానికి బాగుంటుందంతే. పైగా శనివారం రాత్రి ఊరి మధ్యలో మేం దిగిన హోటల్‌లో కింద పాటల మోతకు తెల్లారేదాకా నిద్ర లేదు, డబ్బులు మాత్రం డబ్లిన్‌తో సమానం. గాల్వేని పగలు చూసి వెళ్లిపోవడమే మంచిది.

ఇక మేయో. క్యాసిల్‌బార్ దగ్గర టర్లో పార్కులో నేషనల్ మ్యూజియంవారి 'కంట్రీ లైఫ్' విభాగం ఉంది, ఇదీ ఉచితమే. 1850 నుంచి 1950 దాకా పల్లె బతుకంతా అక్కడ కనిపిస్తుంది. పీట్ (పొయ్యిలో కాల్చే బురదమట్టి) తవ్వే పారలు, అల్లిన బుట్టలు, పండగల్లో కట్టుకునే గడ్డి ముసుగులు, వాటి పక్కనే వాటిని వాడుతున్న మనుషుల ఫొటోలు. డబ్లిన్‌లో ఫొటో చూసి ఊహించుకున్న వస్తువు ఇక్కడ కళ్లెదుటే ఉంటుంది. ఆది, సోమవారాల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు గానీ తెరవరు, చూసుకుని వెళ్లండి. డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి క్యాసిల్‌బార్‌కు నేరుగా రైలుంది, మూడు గంటలకు కాస్త అటూఇటూ. స్టేషన్ నుంచి ట్యాక్సీ మాట్లాడుకోవాల్సిందే, తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే చెప్పి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

బసకు వెస్ట్‌పోర్ట్ బాగుంటుంది, అదే రైలు మార్గంలో చివరి స్టేషన్. మేమున్న ఇంటావిడ మేం మాంసం తినం అని చెప్పగానే పొద్దున్నే సోడా బ్రెడ్, పుట్టగొడుగులు, కాల్చిన టమాటాలు పెట్టింది, గది చిన్నదైనా వెచ్చగా ఉంది. అక్కడికి దగ్గర్లోనే క్రోగ్ పాట్రిక్ కొండ, 764 మీటర్లు. జూలై ఆఖరి ఆదివారం వేలమంది కాథలిక్ యాత్రికులు ఎక్కుతారు, కొందరు వట్టి కాళ్లతో. పాత ఫొటోల్లో పల్లె ఆడవాళ్లు శాలువాలతో, చేతికర్రలతో ఆ రాళ్ల మీద వెళ్తుంటే నాకు గుణదల మాత ఉత్సవాలకు కొండెక్కే మనవాళ్లే గుర్తొచ్చారు. శిఖరం మీద 1905లో కట్టిన చిన్న చర్చి ఉంది. పైభాగమంతా జారే రాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లకండి, కొండ కింద మురిస్క్ అనే ఊరి నుంచి చూసినా కొండ, సముద్రం రెండూ కనిపిస్తాయి.

ఆ ఆదివారానికే వెళ్లాలనుకుంటే వెస్ట్‌పోర్ట్‌లో గది నెలల ముందే బుక్ చేసుకోండి. జనం లేకుండా కొండ చూడాలంటే మే నెల చాలా బాగుంటుంది, రాత్రి తొమ్మిది దాకా వెలుగుంటుంది కాబట్టి టర్లో పార్కు చూసుకుని వచ్చి అదే సాయంత్రం మురిస్క్ వెళ్లొచ్చు.