చేప పొలుసు తీసే మిషన్ - నా 699 గోవిందా
ఆన్‌లైన్‌లో వీడియో చూసి తెప్పించా, ఛార్జింగ్‌ది, 699 రూపాయలు. ఆదివారం రెండు కేజీల బొచ్చె తెచ్చి పెరట్లో కూర్చుని ఆన్ చేశానో లేదో పొలుసులు ఎగిరి నా కళ్ళజోడు మీద, గోడ మీద, ఆరేసిన బట్టల మీదా పడ్డాయి, పొట్ట దగ్గరైతే తోలు కూడా లేచొచ్చింది, రెక్కల సందుల్లో అసలు దూరదు, అక్కడ మళ్ళీ కత్తే గతి. సగం చేపకే ఛార్జింగ్ అయిపోయింది. పులుసుకి మామిడికాయ కోసుకుంటా మా అమ్మ "ఏం నాయనా, మార్కెట్లో ఇరవై రూపాయలిస్తే ముక్కలు కూడా కొట్టిస్తారు గదా" అనింది.

అమెరికాలో జూసెరో అని 2016లో ఒక వైఫై జ్యూస్ మిషన్ వచ్చింది, మొదట్లో దాని రేటు కూడా 699, కాకపోతే డాలర్లు! వాళ్ళమ్మే పండ్లు, కూరగాయల ముక్కల ప్యాకెట్టే పెట్టాల్సొచ్చేది, దాని మీద కోడ్ స్కాన్ అయితేనే పిండేది. 2017లో విలేకర్లు అదే ప్యాకెట్‌ని చేత్తో పిండితే జ్యూస్ దాదాపు అంతే వచ్చేసింది, ఆ సెప్టెంబర్‌లోనే అమ్మకాలు ఆపేశారు. అది చదివాక కొంచెం మనసు కుదుటపడింది లెండి.

ఒక స్టార్ ఇస్తున్నా, అది కూడా మా ఆవిడ దాంతో సింకు తోముతోంది కాబట్టి.