పాత డీజిల్ జీపుకు వాటర్ సెపరేటరు: డెల్టా దారుల్లో ఎంత పనికొస్తుంది?

డెల్టాలో బండికి ఎత్తు తగిలేది వంతెనల దగ్గరా, ఏటిగట్ల దగ్గరే. అందుకే పాత జీపులో పికప్ తగ్గుతున్న సంగతి రావులపాలెం–అమలాపురం చదును రోడ్డు మీద అంతగా తెలియదు. చించినాడ వంతెన ఎక్కేటప్పుడో, లంక ఇసకలో రెండో గేరులో లాగించేటప్పుడో, మారేడుమిల్లి ఘాట్‌లోనో బయటపడుతుంది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినా బండి లాగదు. పది నిమిషాలు ఆపి మళ్లీ స్టార్టు చేస్తే మామూలుగా నడుస్తుంది. ఈ లక్షణం చెప్పగానే మెకానిక్కులు ఇంజెక్షను పంపు (ఇంజనులోకి డీజిల్ కొలిచి కొట్టే పంపు) విప్పి కాలిబ్రేషన్‌కు, అంటే ఆ కొలత సరిచేయించడానికి, ఇమ్మంటారు. అంత ఖర్చుకు ముందు బిగించి చూడాల్సిన వస్తువు, ట్యాంకుకూ, అందులోంచి డీజిల్ పీల్చే ఫీడ్ పంపుకూ మధ్య పెట్టి, డీజిల్‌లోని నీటిని వేరుచేసే పారదర్శక గిన్నె వాటర్ సెపరేటరు. మహీంద్రా ఎంఎం 540 జీపు లాంటి, కంప్యూటర్ లేని డీజిల్ బళ్ల కోసమే ఈ సమీక్ష. కంప్యూటర్ డీజిల్‌ను నియంత్రించే కామన్ రైల్ బళ్లకు లెక్క వేరు.

కొనే ముందు పైసా ఖర్చు లేని పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఇంజను ఆపి, ఒకరిని పెడల్ పూర్తిగా తొక్కమని, పంపు మీది లీవరు చివరిదాకా వెళ్తోందో లేదో చూడండి. ఇంజను ఆపే స్టాప్ కేబులు తుప్పుతో సగంలో ఇరుక్కుంటే డీజిల్ ఎప్పుడూ సగమే వెళ్తుంది. ఉప్పుగాలి తగిలే రాజోలు, నరసాపురం వైపు ఇది అరుదేమీ కాదు. రెండు మూడు కిలోమీటర్లు నడిపి నాలుగు చక్రాల బ్రేకు డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టండి, తాకకుండా. ఒక్కటే సెగ కొడితే బ్రేకు పట్టేస్తోంది, ఇంజనుది తప్పు కాదు.

ఆ తర్వాత పొగ చూడాలి. లోడులో నల్లపొగ కక్కుతూ లాగకపోతే ఇంజనుకు గాలి చాలడం లేదు: వరి కోతల దుమ్ముతో నిండిన ఎయిర్ ఫిల్టరు, టర్బో ఉంటే చిరిగిన హోసు. పొగే లేకుండా బలం తగ్గితే డీజిల్ అందడం లేదు. తెల్లపొగతో ఇంజను ఎగసి పడుతుంటే డీజిల్‌లో నీరో, గాలో ఉంది. సెపరేటరు పనికొచ్చేది చివరి రెండింటికే. నల్లపొగ బండికి ఇది బిగించి ప్రయోజనం లేదు.

మన ప్రాంతంలో నీరు ట్యాంకులోకి రావడానికి దారులు చాలా. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి తేమ గోడలకు పట్టి కిందికి దిగుతుంది. చెరువు గట్ల మీద డ్రమ్ముల్లో నిలవ ఉంచిన డీజిల్‌లో అడుగున నీరు, దాని మీద నల్లటి జిగురు పేరుకుంటాయి. ఆ జిగురు నీరూ డీజిలూ కలిసే చోట పెరిగే సూక్ష్మజీవులది. మూడోది చాలామంది గమనించనిది. ఇంజను వైపు నుంచి తిరిగొచ్చే రిటర్ను డీజిల్‌తో వేడెక్కిన ట్యాంకు, కాలువలో దిగగానే చల్లబడి లోపలి గాలి కుదించుకుపోతుంది. ట్యాంకులోకి గాలి ఆడే బ్రీదరు గొట్టం ఆ సమయంలో నీళ్లలో మునిగి ఉంటే నీటినే లోపలికి పీల్చుకుంటుంది. ఆ గొట్టాన్ని పొడిగించి బానెట్ ఎత్తుకు తీసుకెళ్లకపోతే ఎంత మంచి సెపరేటరైనా రోజూ నీళ్లు వంపుకుంటూ ఉండాల్సిందే.

ఇక వస్తువు. ఫీడ్ పంపుకు ముందు పెట్టేది, వడపోత 30 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గరిది తీసుకోండి. సన్నటిదైతే మంచిదని 2 మైక్రాన్లది పెడితే పీల్చే వైపే అడ్డుపడి, కొత్తగా పికప్ పోతుంది. సన్నటి వడపోత పని పంపు నెట్టే వైపున్న అసలు ఫిల్టర్లది. కింద నీళ్లు వదిలే కాక్ ఇత్తడిదై ఉండాలి, ప్లాస్టిక్‌ది తొందరగా పగులుతుంది. గిన్నెకు కార్కు గాస్కెట్టు కాకుండా ఓ-రింగు ఉన్నది మేలు. బ్రాకెట్టు మాత్రం చాలా వాటిలో పల్చటి రేకు, ఈ గాలికి తుప్పు పట్టేస్తుంది; రంగు వేసి, స్టెయిన్‌లెస్ బోల్టులతో బిగించడం నయం.

ఈ వస్తువు మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం అసలు బిగింపుది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా లైను పీల్పులో ఉంటుంది. అక్కడ సందు ఉంటే డీజిల్ కారదు, గాలి లోపలికి పోతుంది. చుక్క కారడం లేదు కాబట్టి లీకు లేదనుకోవడం పొరపాటు. పాత రాగి వాషర్లు వాడకండి. తప్పనిసరైతే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి మెత్తబరిచి వాడొచ్చు. హోసు డీజిల్‌కు తట్టుకునే రబ్బరుదే కావాలి, లోపలి వ్యాసం ఉన్న పైపుకు తగ్గకూడదు. బాణం గుర్తు ఫీడ్ పంపు వైపు ఉండాలి. సైలెన్సరు పైపుకు దూరంగా, చూడగానే కనిపించే చోట పెట్టండి. పాత సీజే రకం జీపుల్లో ట్యాంకు సీటు కిందే ఉంటుంది కాబట్టి గిన్నె విప్పినప్పుడు డీజిల్ దానంతటదే కారుతుంది. గిన్నెకు ముందు, ట్యాంకు వైపు ఒక కాక్ వేసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

సెపరేటరు తర్వాత ఒక జానెడు పారదర్శక గొట్టం తాత్కాలికంగా పెట్టి ఇంజను పరుగెత్తించండి. అసలు విలువంతా ఇక్కడుంది. బుడగలు వరుసగా వస్తుంటే ట్యాంకు వైపు ఎక్కడో గాలి పీలుస్తోంది. బుడగలు లేకుండా రబ్బరు హోసు లోపలికి నొక్కుకుపోతుంటే ట్యాంకు వైపే అడ్డు ఉంది. అప్పుడు ట్యాంకు మూత తీయండి. బుస్సుమని గాలి లోపలికి పోయి బండి బాగుపడితే మూత బెజ్జం, లేదా బ్రీదరు మూసుకుంది. అలా కాకపోతే ఫీడ్ పంపు దగ్గర లైను విప్పి, మూత తెరిచి ఉంచి, సైకిలు పంపుతో ట్యాంకులోకి ఊదండి. బుడబుడమని చప్పుడు వచ్చి, బండి కొన్నాళ్లు బాగా నడిచి మళ్లీ మొదటికి వస్తే, ట్యాంకు లోపల డీజిల్ పీల్చే గొట్టం జల్లెడకు తుప్పు పొట్టు అడ్డుపడుతోంది. ఆగినప్పుడు పొట్టు కిందికి జారిపోతుంది, అందుకే పది నిమిషాల విరామంతో బండి బాగుపడుతుంది. ట్యాంకు దించి కడిగించడం ఒక్కటే దారి. పరీక్ష అయ్యాక ఆ పారదర్శక గొట్టం తీసేయండి, డీజిల్‌కు అది గట్టిపడి పగులుతుంది.

ఇన్‌లైన్ పంపు (సిలిండరుకొకటి చొప్పున ప్లంజర్లు వరుసగా ఉండే ఇంజెక్షను పంపు) బళ్లలో ఫీడ్ పంపులోకి డీజిల్ వచ్చే చోట చిన్న జల్లెడ ఒకటి ఉంటుంది. దాన్ని మరిచిపోయి మిగతా ఫిల్టర్లన్నీ మార్చిన బళ్లు చాలా. సెపరేటరు పెట్టే రోజే దాన్ని విప్పి కడగండి.

బిగించాక లైనులో చేరిన ఎయిర్ తీయడం మామూలే: ఫిల్టరు తల మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతిపంపు కొట్టి బిగించాలి, తర్వాత ఇంజెక్షను పంపు స్క్రూ. స్టార్టరును ఒకేసారి 15 సెకన్లకు మించి తిప్పొద్దు. నాజిల్ దగ్గర చిమ్మే డీజిల్‌కు వేలు అడ్డం పెట్టకండి, ఆ ఒత్తిడికి చర్మంలోకి దూసుకుపోతుంది.

లైన్లో బుడగా లేదు, గిన్నెలో నీరూ లేదు, హోసు నొక్కుకోవడం లేదు, అయినా పొగ లేకుండా బలం తగ్గుతోందంటే, అసలు ఫిల్టర్లు కొత్తవి వేసి ఒకసారి చూసి, ఆ తర్వాత ఫీడ్ పంపు, ఇంజెక్షను పంపు వైపు వెళ్లండి. అక్కడ కాలిబ్రేషన్ బెంచీ అవసరమే. ఈ గిన్నె ఆ పని చేయదు.

చెరువుల మధ్యా, లంకల్లోనూ తిరిగే బండికి ఇది కచ్చితంగా కొనదగ్గది. పట్నంలోనే తిరుగుతూ ఒకే మంచి బంకులో కొట్టించే బండికి తొందర లేదు. వానాకాలంలో వారానికోసారి ఇంజను చల్లగా ఉన్నప్పుడు కాక్ తిప్పి, తేటగా డీజిల్ వచ్చేదాకా వదలండి. టూల్ కిట్‌లో ఒక ఓ-రింగు, నాలుగు రాగి వాషర్లు, రెండు క్లిప్పులు ఉంచుకోండి.