తాగుడు మానేవాళ్ల మీటింగు: సరిహద్దు ఒడిశా తెలుగువాళ్లకు ఏది పనికొస్తుంది

ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అనే ఈ సంఘానికి మేం మంచి మార్కులే వేస్తాం. కానీ అందులో ఏ గ్రూపుకెళ్లినా ఒకటేనన్న మాట ఒప్పుకోం. పర్లాకిమిడి, గుణుపూరు, రాయగడ, బరంపురం తెలుగిళ్లలో బజారుకు ఒడియా, ఇంటికి తెలుగు. ఒడియా మీటింగులో కూర్చుంటే ప్రతి మాటా అర్థమవుతుంది. తన వంతు రాగానే మాత్రం పేరు చెప్పి, రెండు ముక్కలు మాట్లాడి కూర్చుండిపోతారు. పుస్తెలు తాకట్టు పెట్టిన సంగతి, పిల్లాడి ఫీజు డబ్బులు తాగేసిన సంగతి నోటికి రావు. రెండు నెలలకు 'నాకు పనిచేయలేదు' అని మానేస్తారు. అందుకే మేం ముందు చూసేది ఒక్కటే: అక్కడ మీరు తడుముకోకుండా మాట్లాడగలరా? గ్రూపు ఒడియాదైనా 'తెలుగులో చెప్పుకో, పర్వాలేదు' అనే పాత సభ్యుడు ఒకరుంటే మాకది మంచి గ్రూపే.

అన్నిటికంటే ముందు ఆసుపత్రి మాట. పొద్దున్నే చేతులు వణికి, గుక్క పడితే గానీ తగ్గని స్థితిలో ఉన్నవాళ్లు ఉన్నపళంగా మానేసి మీటింగుకు వెళ్లకూడదు. మానిన మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనబడటం, మతి తప్పడం, జ్వరం మొదలైతే ప్రాణం మీదికొస్తుంది. బరంపురం ఎంకేసీజీ, కోరాపుట్టు మెడికల్ కాలేజీ, విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రి, ఏది దగ్గరైతే అక్కడికి తీసుకెళ్లండి. ఎంత తాగేవారో, చివరిసారి ఎప్పుడు తాగారో దాచకుండా చెప్పండి. తిండి మానేసి తాగినవాళ్లకు ఉత్త గ్లూకోజ్ సీసా ఎక్కించేస్తే మెదడుకు ముప్పు. దానికి ముందు బి1 విటమిన్ ఇంజెక్షన్ పడాలి. వణుకు తగ్గాక మీటింగు.

ఏఏ 1935లో అమెరికాలోని ఏక్రన్ ఊళ్లో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడు నిలబడి మొదలుపెట్టింది. రుసుము లేదు. చివర్లో సంచీ తిరుగుతుంది, సభ్యులు తోచినంత వేస్తారు, కొత్తవాళ్లు వేయనక్కర్లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. మీటింగు గంట నుంచి గంటన్నర. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు తగలరు, సలహాలివ్వరు. ఓపెన్ మీటింగుకు ఇంట్లోవాళ్లు కూడా రావచ్చు. క్లోజ్డ్‌కు తాగుడు సమస్య ఉన్నవాళ్లే. మొదటిసారి ఓపెన్‌కే వెళ్లమంటాం. కల్లే కదా, జీలుగు కల్లుకు లెక్కేమిటి అనుకునేవాళ్లు మనవైపు ఎక్కువ. అక్కడ ఇప్పసారా, కల్లు, బీరు అన్నీ మందే. చర్చి గదిలో పెట్టారని మతం మారుస్తారేమోనని భయపడొద్దు. చోటు దొరికిన దగ్గర పెట్టుకుంటారు, అంతే. దేవుడి ప్రస్తావన ఉంటుంది, అది ఎవరి నమ్మకానికి వారిది. ఏ నమ్మకమూ లేనివాళ్లకు మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది, ఆ మాట దాచం.

ఒక్క మీటింగు చూసి తేల్చకండి. కనీసం ఐదారు సార్లు, వీలైతే రెండు గ్రూపులు చూడండి. పదేళ్లుగా మానినవాళ్లూ, పది రోజుల క్రితం మానినవాళ్లూ ఇద్దరూ ఉన్న గది మంచి గది. కొత్తవాళ్లకు ఫోన్ నంబర్లు ఇస్తున్నారా, మీటింగు నడిపే కుర్చీ ప్రతిసారీ ఒకరిదేనా, బాధ్యతలు చేతులు మారుతున్నాయా గమనించండి. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండే గ్రూపు ఆయన బదిలీతో మూతపడుతుంది. ఆధార్ అడిగినా, అప్పు అడిగినా, డాక్టరిచ్చిన మాత్రలు మానేయమన్నా అక్కడినుంచి లేచి వచ్చేయండి.

చిన్న ఊళ్లలో పెద్ద చిక్కు పరువు. తెలిసినవాళ్లు కనబడతారని పర్లాకిమిడి మనిషి సరిహద్దు దాటి ఆంధ్రావైపు వెళ్దామంటాడు, రాయగడ మనిషి విజయనగరం రైలెక్కుదామంటాడు. మొదటి నెలకు అది బాగానే ఉంటుంది. తర్వాత ఆఖరి బస్సు తప్పుతుంది, వాన పడుతుంది, ఒక వారం పోతుంది, ఆ వారమే సీసా చేతికొస్తుంది. తొంభై రోజుల్లో తొంభై మీటింగులన్న సలహా గుణుపూరులో కుదిరే పని కాదు. వారానికొకటి దగ్గరి ఊళ్లో, మిగతా రోజులు ఆన్‌లైన్ తెలుగు మీటింగు, రోజూ స్పాన్సర్‌కు, అంటే కొత్తవాళ్లకు తోడుండి దారి చూపే పాత సభ్యుడికి, ఒక ఫోన్: ఈ ఏర్పాటు నిలబడుతుంది. ఆన్‌లైన్‌లో చేరేముందు యాప్‌లో కనబడే పేరు మార్చుకోండి, కెమెరా ఆపండి, ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. కొండ ఊళ్లలో సిగ్నల్ పోతుంది కాబట్టి ఒకరి నంబరు ముందే రాసుకోండి. నేరుగా వెళ్లేటప్పుడు కూడా జాబితాలో టైము చూసి బయల్దేరకండి, ఫోన్ చేసి అడగండి. పాత టైములు అలాగే ఉండిపోతాయి.

స్పాన్సర్ ఆడవాళ్లకు ఆడమనిషే, మగవాళ్లకు మగమనిషే ఉండాలి. మన జిల్లాల్లో మీటింగుకొచ్చే ఆడవాళ్లు తక్కువ, వాళ్లకు ఆన్‌లైనే మేలు. ఇంట్లోవాళ్లకు అల్-అనాన్ అని వేరే సంఘం ఉంది, 1951లో మొదలైంది. ఆయన మానకపోయినా ఆవిడ వెళ్లొచ్చు. కూరలో కలిపే 'తాగుడు మాన్పించే పొడి' మాత్రం వద్దు. దాంట్లో డైసల్ఫిరామ్ అనే, డాక్టర్లు తాగుడు మాన్పించడానికి ఇచ్చే మాత్ర కలిసి ఉండొచ్చు. తెలియక పైన మందు తాగితే బీపీ పడిపోయి గుండెకే ప్రమాదం. తెలిసి, డాక్టరు చూపులో, చివరి చుక్క పడి కనీసం పన్నెండు గంటలు దాటాకే ఆ మాత్ర వేసుకోవాలి.

జారి మళ్లీ తాగితే అదే గ్రూపుకు మర్నాడే వెళ్లండి, తిట్టరు. తిట్టే గ్రూపైతే మార్చండి. రోజూ తాగేదాకా వెళ్తే మళ్లీ ముందు ఆసుపత్రే. రాత్రిపూట తాగాలనిపించి ఎవరూ ఫోన్ ఎత్తకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446.