డే కేర్ సెంటరా, ఇంట్లో కేర్‌టేకరా?

బెంగళూరులో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో, మతిమరుపు జబ్బు (డిమెన్షియా) మొదలైన అమ్మనో నాన్ననో పగలు ఎవరు చూసుకోవాలన్నదే పెద్ద టెన్షన్.

మనిషి ఇంకా నడుస్తూ, పలకరిస్తే మాట్లాడుతూ ఉంటే నా ఓటు పగటిపూట పెద్దవాళ్లను చూసుకునే డే కేర్‌కే. పాటలు, చిన్న చిన్న ఆటలు, తోటివాళ్లతో కబుర్లు ఉంటాయి. పగలంతా కునుకు తీయకపోతే రాత్రి నిద్ర కాస్త బాగా పడుతుంది. నైటింగేల్స్ మెడికల్ ట్రస్ట్ లాంటి సంస్థలు ఇక్కడ డిమెన్షియా ఉన్నవాళ్ల కోసం పనిచేస్తున్నాయి. చిక్కల్లా ట్రాఫిక్‌తోనే. గంటసేపు కారులో కూర్చోబెడితే చేరేలోపే విసిగిపోతారు. పైగా ఈ జబ్బులో కంగారు, చిరాకు చాలామందికి సాయంత్రం ఎక్కువవుతాయి, అప్పటికి సెంటర్ మూసేస్తారు.

మంచం పట్టినవాళ్లకు మాత్రం కేర్‌టేకరే దిక్కు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. పనిలో పెట్టుకునే ముందే ఎలా తిప్పుతారో చేసి చూపించమనండి. తెలుగు వచ్చా అని కూడా అడగండి. పెద్దయ్యాక నేర్చుకున్న కన్నడ ముందుగా జారిపోవచ్చు. "ఒంటికి పోవాలి" అన్న మాట అర్థం కాకపోతే పక్క తడుస్తుంది. పాపం, ఆ సిగ్గుతో నీళ్లు తాగడమే తగ్గించేస్తారు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లు దొరికితే వదులుకోవద్దు.

ఏది ఎంచుకున్నా ముందు నిమ్హాన్స్‌లో, అంటే బెంగళూరులోని మెదడు, నరాల, మానసిక జబ్బుల ఆసుపత్రిలో, ఒకసారి చూపించండి. థైరాయిడ్ సమస్యో, బీ12 లోపమో కారణమైతే మందులతో తగ్గే అవకాశం ఉంది.