బెంగళూరు గోడకి ఏ ఊరి క్యాలెండరు? తెలుగు పంచాంగం క్యాలెండర్ల మీద సమీక్ష

బెంగళూరులో తెలుగు గోడ క్యాలెండరు దొరకడం కష్టమేమీ కాదు. అవెన్యూ రోడ్డు పుస్తకాల షాపుల్లో అడగొచ్చు, మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు ఆంధ్రా సరుకులు అమ్మే కొట్లలో చూడొచ్చు. అదీ కాదంటే సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు బంగారం కొట్టువాళ్లు ఇచ్చినదాన్ని చుట్టచుట్టి బస్సులో తెచ్చుకుంటాం. పాల ప్యాకెట్ల లెక్క, గ్యాస్ బుక్ చేసిన తేదీ, పనమ్మాయి రాని రోజులు అన్నీ దాని మీదే రాసుకుంటాం. గడప దాటే వేళ కూడా దాన్ని చూసే నిర్ణయిస్తాం. ఈ సమీక్ష ఆ చివరి పని గురించే. బెంగళూరులో ఉండేవాళ్లకి ఈ క్యాలెండరు సరైన వేళ చెబుతోందా?

సగమే చెబుతోంది. తిథి, నక్షత్రం, వర్జ్యం అచ్చులో ఉన్నది ఉన్నట్టే వాడుకోవచ్చు. రాహుకాలం, యమగండం, దుర్ముహూర్తం మాత్రం చాలా క్యాలెండర్లలో బెంగళూరుకి పనికిరావు. పెళ్లి లగ్నాల పట్టిక అది ఏ ఊరికి వేసిందో తెలిస్తేనే పనికొస్తుంది.

కారణం చిన్నదే. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. ఆ దూరం విశాఖలో ఒకలా, బెంగళూరులో ఒకలా ఉండదు. కాబట్టి తిథి ఎన్నింటికి ముగుస్తుందో దేశమంతా ఒకటే టైము. నక్షత్రమూ అంతే. నక్షత్రాన్ని బట్టి వచ్చే వర్జ్యమూ అంతే, సుమారు గంటా ముప్పావు లోపు ఉండే ఆ వేళ ఊరు మారినా మారదు. రాహుకాలం సంగతి వేరు. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న పగటిని ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఒక భాగం రాహుకాలం. రెండో భాగం సోమవారానిది, ఆ తర్వాత వరసగా శని, శుక్ర, బుధ, గురు, మంగళ, ఆది. పొద్దు పొడిచే వేళ ఊరికో రకం కాబట్టి రాహుకాలమూ ఊరికో రకం.

మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి పెట్టింది, 1906 జనవరి 1 నుంచి. ఆ రేఖ కాకినాడకి దగ్గర్లో పోతుంది. బెంగళూరు దానికి దాదాపు ఐదు డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన ఇక్కడి పొద్దు గడియారం కంటే 20 నిమిషాలు వెనక నడుస్తుంది. బెంగళూరులో సూర్యుడు నడినెత్తికి వచ్చేది నవంబరు మొదట్లో 12:03కి, ఫిబ్రవరిలో 12:34కి. సరిగ్గా పన్నెండింటికి ఏ రోజూ రాడు.

క్యాలెండర్లలో ఎక్కువ భాగం పొద్దు 6కి పొడిచి 6కి కుంకుతుందన్న మోటు లెక్కతో రాహుకాలం వేస్తాయి. సోమవారం 7:30–9:00, బుధవారం 12:00–1:30, ఆదివారం 4:30–6:00. ఏడాది పొడుగునా అదే అచ్చు. జనవరి నడిమధ్యలో బెంగళూరు సూర్యోదయం 6:46, అస్తమయం 6:12. పగలు 686 నిమిషాలు, ఎనిమిదో వంతు దాదాపు 86. అంటే సోమవారం అసలు రాహుకాలం 8:12 నుంచి 9:37 దాకా.

ఇది ఇంట్లో ఎలా తిరగబడుతుందో చూడండి. సోమవారం పొద్దున పని మీద బయల్దేరాలి. క్యాలెండరు 7:30–9:00 అంటోంది. టిఫిన్ తిని, చెప్పులేసుకుని, 9 కొట్టేదాకా సోఫాలో కూర్చుని 9:05కి బయటపడతారు. అంటే అసలు రాహుకాలం నడిమధ్యలో గడప దాటినట్టు. పైగా అవుటర్ రింగ్ రోడ్డు కిక్కిరిసే వేళ అది. 7:45కే బయల్దేరి ఉంటే రాహుకాలమూ తగలదు, సిల్క్ బోర్డు జంక్షను దగ్గర అంతసేపు నిలబడాల్సిన పనీ ఉండదు. నమ్మకం వల్ల వచ్చిన ఆలస్యం కాదిది, వేరే పొద్దుకి వేసిన అంకెలు చదవడం వల్ల వచ్చింది.

బుధవారం దుర్ముహూర్తం ఇంతకంటే స్పష్టంగా దొరుకుతుంది. పగటిని 15 ముహూర్తాలు చేస్తే ఎనిమిదోది, అంటే సరిగ్గా నడుమది, బుధవారం దుర్ముహూర్తం. ఆరింటి లెక్కలో 11:36–12:24. కొత్త బండి తాళాలు తీసుకోవడానికి షోరూములో 12:24 దాటేదాకా ఆగి, 12:30కి కొబ్బరికాయ కొడతారు. జనవరిలో బెంగళూరుకి ఆ ముహూర్తం 12:06 నుంచి 12:52 దాకా నడుస్తుంది. ఆగింది చాలావరకు మంచి వేళలో, కొట్టింది వద్దనుకున్న వేళలో.

జూన్‌లో తప్పు ఇంకోవైపు తేలుతుంది. సూర్యోదయం 5:55, అస్తమయం 6:48. సోమవారం రాహుకాలం 7:32–9:08, అచ్చుకి దాదాపు సరిపోయింది. కానీ ఆదివారం రాహుకాలం 5:11 నుంచి 6:48 దాకా. క్యాలెండరు 6కే అయిపోయిందంటుంది. ఆదివారం సాయంత్రం పెళ్లిచూపులకనో, నిశ్చితార్థానికనో 6:05కి బయల్దేరేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. ఏడాది మొత్తానికి ఒకే కూడిక చాలదు. జనవరిలో సోమవారానికి 42 నిమిషాలు కలపాలి, జూన్‌లో రెండే.

రాహుకాలం పట్టింపు మన తెలుగిళ్లలో మొదట్నుంచీ ఇంత లేదు. మనవాళ్లు ఎక్కువగా చూసేది వర్జ్యం, దుర్ముహూర్తం. బెంగళూరులో ఇంటి ఓనరు, అమ్మేవాళ్లు, షోరూము వాళ్లు రాహుకాలం అడుగుతారు. మనం వర్జ్యం అడుగుతాం. రెండు జాబితాలూ కలిపితే సోమవారం పగలు చాలా చోట్ల కోసుకుపోతుంది. ఇల్లు రిజిస్ట్రేషన్ లాంటి వాటికి ముందే ఒక మాట అనుకుని, అవతలివాళ్లకి ముఖ్యమైనదాన్నీ మనకి ముఖ్యమైనదాన్నీ మాత్రమే వదలడం మంచిది. సబ్-రిజిస్ట్రారు ఆఫీసులో ఇచ్చిన టైము మన కోసం ఆగదు.

ఇక గడిలో అచ్చు చదవడం. ఒక తేదీ గడిలో పెద్ద అంకె, దాని చుట్టూ చీమల్లా చిన్న అక్షరాలు. ‘ఉ.’ ఉదయం, ‘ప.’ పగలు, ‘సా.’ సాయంత్రం, ‘రా.’ రాత్రి, ‘వ.’ వర్జ్యం. అసలు చిక్కు ‘తె.’ దగ్గర. మంగళవారం గడిలో ‘వ. తె. 4:10’ అని ఉంటే అది మంగళవారం తెల్లవారుజాము కాదు. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి అది బుధవారం 4:10. తెల్లవారుజామున ఎయిర్‌పోర్టుకి క్యాబ్ బుక్ చేసుకునేవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. ముందు రోజు గడి చూడాల్సింది ఆ రోజు గడి చూస్తారు. ‘శేష వర్జ్యం’ అని ఉంటే ముందు రాత్రి మొదలైన వర్జ్యం సూర్యోదయం తర్వాత కూడా మిగిలి ఉందని. అది ఎప్పటిదాకా ఉంటుందో అంతవరకే ఇస్తారు.

చిన్న పంచాంగం పుస్తకాలు వాడేవాళ్లకి ఇంకో మెలిక ఉంది. కొన్నింటిలో ఘడియలు, విఘడియలే ఇస్తారు. ఘడియ అంటే 24 నిమిషాలు, రెండున్నర ఘడియలు ఒక గంట. ఆ ఘడియలు లెక్కపెట్టేది పుస్తకం ఏ ఊరికి వేశారో ఆ ఊరి సూర్యోదయం నుంచి. దానికి బెంగళూరు సూర్యోదయం కలిపితే తిథి కూడా తప్పిపోతుంది. విజయవాడ పుస్తకమైతే విజయవాడ సూర్యోదయానికే కలిపి గంటల్లోకి మార్చాలి. అప్పుడు వచ్చేది బెంగళూరులోనూ చెల్లుతుంది.

కొనేముందు షాపులోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. జనవరి 15, జూన్ 21 గడులు తిప్పి సూర్యోదయం చూడండి. 6:46, 5:55 దగ్గర్లో ఉంటే బెంగళూరుకి వేసింది. 6:40, 5:36 దగ్గర ఉంటే విజయవాడది. జనవరిలో రెండు ఊళ్ల సూర్యోదయానికి తేడా ఆరు నిమిషాలే, అస్తమయానికి 18. జూన్‌లో సూర్యోదయానికే 19, అస్తమయానికి ఆరు. మూడు నాలుగు నిమిషాల తేడా వస్తే కంగారు పడొద్దు. బింబం అంచు కనిపించడాన్ని కొందరు ఉదయంగా తీసుకుంటారు, బింబం నడుమ భాగాన్ని కొందరు తీసుకుంటారు. రోజువారీ సూర్యోదయం అసలు అచ్చువేయని క్యాలెండరులో రాహుకాలం ఏడాదంతా ఒకటే ఉంటే అది ఆరింటి లెక్క, గుర్తుంచుకోండి. ప్రభుత్వం వేసే రాష్ట్రీయ పంచాంగం గణితం దృష్ట్యా గట్టిది. మేఘనాద్ సాహా అధ్యక్షతన వేసిన సంఘం సిఫారసులతో 1957 నుంచి జాతీయ క్యాలెండరు అమల్లోకి వచ్చింది. కానీ దాని మూలస్థానం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం, 23 డిగ్రీల పైచిలుకు ఉత్తర అక్షాంశం. దాని సూర్యోదయం కూడా మనది కాదు.

ఫోన్లో ఊరు ఎంచుకునే పంచాంగం యాప్‌లు ఈ ఒక్క విషయంలో గోడ క్యాలెండరు కంటే నయం. పెట్టగానే సెట్టింగుల్లో బెంగళూరు అని మార్చారో లేదో చూసుకోండి. మార్చకపోతే ఇంకో ఊరి రాహుకాలాన్ని చక్కటి అక్షరాల్లో చూపిస్తాయి. పెద్దవాళ్లున్న ఇంట్లో మాత్రం గోడ మీద ఉండాల్సిందే. ఫోను ఒకరి చేతిలో ఉంటుంది, క్యాలెండరు ఇంట్లో అందరిదీ.

పెళ్లి ముహూర్తాల దగ్గర ఈ తేడా నిజంగా బరువైనది. ఆ వేళకి తూర్పున ఉదయిస్తున్న రాశే లగ్నం, ఒక్కోటి సగటున రెండు గంటలు. దాన్ని తొమ్మిది నవాంశలు చేస్తే ఒక్కోటి సుమారు 13 నిమిషాలు. శుభలేఖలో పుష్కరాంశ అని వేసేది ఆ 13 నిమిషాల్లోపు వేళకే. విజయవాడకీ బెంగళూరుకీ రేఖాంశం తేడాయే 12 నిమిషాలు. అక్కడి లెక్కతో 10:47 అని రాయించుకుని ఇక్కడి కళ్యాణ మండపంలో 10:47కే జీలకర్ర బెల్లం పెడితే దాదాపు ఒక నవాంశ ముందే పెట్టేసినట్టు. బెంగళూరులో అది 10:59 ప్రాంతం. విశాఖ లెక్కైతే 23 నిమిషాలు, రాజమండ్రి 17, తిరుపతి 7, హైదరాబాదు 4 లోపు. అనంతపురం దాదాపు ఇదే రేఖాంశం మీద ఉంది కాబట్టి కలపాల్సింది ఏమీ లేదు. అక్షాంశం వల్ల, లగ్నాన్ని బట్టి, ఇంకో కొన్ని నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. అందుకని ఇవన్నీ సరిచూసుకోవడానికే, ముహూర్తం పెట్టడానికి కాదు. శుభలేఖ అచ్చుకి ఇచ్చేముందు అయ్యవారిని ఒక్క మాట అడగండి: “అయ్యా, ఇది బెంగళూరుకి కట్టిన లగ్నమేనా?” అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

మండపంలో ఇంకో పొరపాటు. తెలుగు పెళ్లిలో సుముహూర్తం అంటే జీలకర్ర బెల్లం. ఒక్కో సంప్రదాయంలో అది ఒక్కో ఘట్టానికి ఉంటుంది కాబట్టి, స్థానిక ఫొటోగ్రాఫరూ నాదస్వరం వాళ్లూ తాళికట్టు కోసం ఎదురుచూస్తూ కూర్చునే వీలుంది. ముందే చెప్పాలి. ముహూర్తానికి పది నిమిషాల ముందే దంచిన ముద్ద తమలపాకులో సిద్ధంగా ఉండాలి, అడ్డుతెర పట్టే ఇద్దరూ నిలబడి ఉండాలి. ఆలస్యం చాలాసార్లు మండపంలో కాదు, పెళ్లికూతురి అలంకరణ గదిలో పుడుతుంది. ఆ గదికి చెప్పే టైము అరగంట ముందుకి జరిపి చెప్పండి.

అదే శుభలేఖ అడుగున ‘విందు రాత్రి 7 గంటల నుండి’ అని ఉంటుంది. 10:47ని నిమిషం కూడా జరగనివ్వని మనమే ఆ 7కి ఎనిమిదిన్నరకి వెళతాం, పిలిచినవాళ్లూ వంటవాళ్లకి ఎనిమిదన్నట్టే చెబుతారు. ఇది మారాలి. లగ్నం మించిపోతుందని ఎంత కంగారు పడతామో, ఒక మనిషి మన కోసం కూర్చుని ఉన్నాడంటే అంతే కంగారు పడాలి. దార్లో ఉన్నామని ఇంట్లోంచి చెప్పడం, రాహుకాలం అడ్డొచ్చిందని సాకు చెప్పడం పంచాంగానికీ మర్యాద కాదు. అసలు పంచాంగంలోనే దీనికి దారి ఉంది. వేళ కుదరనప్పుడు ప్రస్థానం పెట్టడం మన పాత పద్ధతి. మంచి వేళలో సంచి ఒకటి గడప దాటించి పక్కింట్లో ఉంచుతారు, ప్రయాణం మొదలైనట్టే. అపార్ట్‌మెంట్లలో ఎదురు ఫ్లాటులో పెట్టొచ్చు, బండి డిక్కీలో పెట్టినా సరే. తర్వాత రైలు వేళకి తగ్గట్టు మనం బయల్దేరొచ్చు.

కాగితం గురించి రెండు ముక్కలు. పైన రేకుపట్టీ ఉన్నది కొనండి, వట్టి పిన్నులు కొట్టింది ఉగాదికల్లా ఊడిపోతుంది. నున్నటి మెరుపు కాగితం మీద పెన్ను జారుతుంది, పాల లెక్క నిలవదు. వంటింట్లో పెట్టేదైతే స్టవ్‌కి దూరంగా, వెనక పేజీలోని పట్టికలు మడత పెట్టకుండా తిరగేసుకునేంత కిందకి మేకు కొట్టించండి.

ఇప్పటికే ఆరింటి లెక్క క్యాలెండరు కొనేసి ఉంటే పారేయక్కర్లేదు. నెలకొక్కసారి, 15వ తేదీకి, బెంగళూరు సూర్యోదయాస్తమయాలు చూసి పగటిని ఎనిమిదితో భాగించండి. వారంలో ఏడు రోజులకీ వచ్చిన వేళలు ఎర్ర పెన్నుతో చిన్న చీటీ మీద రాసి ఆ నెల పేజీ అడుగున అంటించండి. నెలలోపు తేడా కొద్ది నిమిషాలకి మించదు. ఇంట్లో పెద్దవాళ్లు చదివేలా అంకెలు కాస్త పెద్దవిగా రాయండి, పక్కన ‘బెంగళూరు’ అని కూడా.